సరుగుడు కొమ్మ మోయగలిగిన అలంకారాలు: పాత చీర అంచులు, పూసలతో క్రిస్మస్ బంతులు

తెనాలి తంగేడు | నవంబర్ 8

అందరికీ నమస్కారం. మా అమ్మ కట్టుకున్న గద్వాల చీర ఒకటి నా దగ్గర ఉంది. నూలు ఒళ్ళు చాలాచోట్ల చీకిపోయింది గాని, పట్టు అంచు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. అంచు వెడల్పు అయిదు అంగుళాలు. అమ్మ రవికెలకు కుట్టుకునేందుకు దాచుకున్న పూసలు కూడా ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. ఆవిడ లేకుండా మాకు ఇది రెండో క్రిస్మస్. ఆ అంచుతో, ఆ పూసలతో కొన్ని అలంకారాలు చేసి చెట్టుకు వేలాడదీయాలని, ఆపైన మా అక్కచెల్లెళ్ళు ముగ్గురం తలా కొన్ని పంచుకోవాలని నా కోరిక.

ఇప్పటికి రెండు సార్లు ప్రయత్నించి రెండు సార్లూ పాడుచేశాను. మొదటిసారి మూడంగుళాల థర్మాకోల్ బంతికి చెప్పులు అతికించే రబ్బరు బంక రాశాను. కొద్ది నిమిషాల్లోనే బంతి గుంటలు పడి కరిగిపోయింది. రెండోసారి ఫెవికాల్ రాసి పట్టు ముక్క అతికించాను. ఈసారి బంతికి ఏమీ కాలేదు గాని, బంక పట్టులోకి ఇంకి తడి మరక లాంటిది మిగిలింది. దానికి తోడు ముక్క ఎక్కడికక్కడ ముడతలు పడింది. అదృష్టవశాత్తూ రెండు సార్లూ కొంగు చివరి చిరుగు ముక్కలే వాడాను కనుక అసలు అంచు ఇంకా కత్తెర చూడలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో క్రిస్మస్ చెట్టు అంటే బాపట్ల వైపు నుంచి మా తమ్ముడు తెచ్చే సరుగుడు కొమ్మ. దానిని ఇసుక నింపిన బకెట్టులో నిలబెడతాం. దాని రెమ్మలు దారాల్లా సన్నగా ఉంటాయి కాబట్టి, నిరుడు బజారులో కొన్న గాజు బంతులు కట్టగానే కొమ్మలన్నీ కిందికి వాలిపోయాయి. బరువు తక్కువగా ఉండేలా, పట్టు పాడుకాకుండా, పూసలు రాలిపోకుండా చేసే పద్ధతి తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సూదీ దారం | హైదరాబాద్ | నవంబర్ 8

తంగేడు గారూ, అసలు అంచు జోలికి పోకుండా చిరుగు ముక్కల మీద ప్రయత్నించడం చాలా మంచి పని చేశారు. నేను ఇరవై ఏళ్ళుగా రవికెలు కుడుతున్నాను. ఏటా నవంబరులో మా వీధిలోని చర్చి కోసం ఇలాంటి బంతులు కూడా చేస్తాను కాబట్టి, నాకు తెలిసినంత వరకు ఒక్కొక్కటీ చెబుతాను.

థర్మాకోల్ కరగడానికి కారణం ఆ రబ్బరు బంకలో ఉండే ద్రావకం. పెయింటు పలచన చేసే థిన్నరు, గోళ్ళ రంగు తీసే ద్రవం కూడా దానిని అలాగే తినేస్తాయి. వేడి జిగురు తుపాకీ వాడినా, వేడి ఎక్కువైన చోట గుంట పడుతుంది. నీటితో పలచనయ్యే తెల్ల బంక ఒక్కటే దానికి క్షేమం. అయితే మీరే చూశారు కదా, పట్టుకు అది క్షేమం కాదు. అందుకని ఈ పనిలో బంకను పూర్తిగా మరిచిపోయి, గుండుసూదులతోనే మొత్తం బిగించడం మేలు. సూదులైతే తప్పు జరిగినప్పుడు ఊడదీసి మళ్ళీ గుచ్చుకోవచ్చు. బంకతో ఆ అవకాశం ఉండదు.

ముడతల విషయానికి వస్తే, అందులో మీ చేతి లోపం ఏమీ లేదు. పడుగు, పేకలతో నేసిన బట్ట బల్ల మీద పరిచినట్లుగా బంతి మీద పరుచుకోదు. క్రాసుగా కత్తిరిస్తే కొంత సాగుతుంది గాని, జరీ అంచును క్రాసుగా కత్తిరిస్తే దాని అందమంతా పోతుంది. కాబట్టి బట్టను ఆకులుగా కత్తిరించుకోవాలి. కొలతలు ఇవి: మూడంగుళాల బంతి చుట్టుకొలత దాదాపు 24 సెంటీమీటర్లు. పైనుంచి కిందికి ఒక పక్క కొలిస్తే 12 సెంటీమీటర్లు. ఎనిమిది ఆకులు చేయాలనుకుంటే, ఒక్కొక్క ఆకు నడుము దగ్గర 3 సెంటీమీటర్లు ఉండి, రెండు కొనల వైపు మామిడాకులా సన్నబడాలి. ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కడానికి నడుము దగ్గర మరో అర సెంటీమీటరు కలుపుకోండి.

ఇక్కడే మీ అంచు మీకు కలిసివచ్చింది. అయిదు అంగుళాలంటే 12.7 సెంటీమీటర్లు. అంటే మీ అంచు వెడల్పూ, ఆకు పొడవూ సరిగ్గా సరిపోతున్నాయి! అంచుకు అడ్డంగా ఆకులు కత్తిరిస్తే ఒక్కొక్క ఆకుకు మూడున్నర సెంటీమీటర్ల అంచు పడుతుంది. ఎనిమిది ఆకులకు 28 సెంటీమీటర్లు. అంచు పొడవునా సాగే జరీ గీతలు బంతి చుట్టూ వడ్డాణంలా తిరుగుతాయి. చీరకు రెండు వైపులా అంచు ఉంటుంది కనుక, చిరిగిన భాగాలు వదిలేసినా మీ ముగ్గురికీ తలా ఎనిమిదేసి బంతులు సులువుగా వస్తాయి.

కత్తిరించే ముందు అంచుకు వెనకవైపు పలచని మల్ గుడ్డ పరిచి, పెద్ద పెద్ద కుట్లతో పట్టుకు కలిపి కుట్టండి. పాత పట్టు మడతల దగ్గర పగులుతుంది. వెనక ఆధారం ఉంటే సూది గుచ్చినప్పుడు చిరగదు. బక్రం వేయవద్దు, అది బిరుసుగా ఉండి గుండ్రం తిరగదు. ఇస్త్రీ చేయవలసి వస్తే వెనకవైపు నుంచి, మధ్యలో నూలు గుడ్డ పెట్టి, తక్కువ వేడితో చేయండి. ఇంకొక మాట, కత్తిరించిన అంచు పోగులు ఊడకుండా కొవ్వొత్తి మంట చూపించే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది నైలాన్, పాలిస్టర్ రిబ్బన్లకు పనికివస్తుంది. పట్టు, నూలు కరగవు, కాలిపోతాయి. మీ అంచును మంట దగ్గరికి కూడా తీసుకువెళ్ళవద్దు.

పూసల పెట్టె | తిరుపతి | నవంబర్ 9

సూదీ దారం గారు బట్ట సంగతి ఎంతో చక్కగా చెప్పారు. నేను పూసల గురించి చెబుతాను.

తంగేడు గారూ, ముందుగా ఆ డబ్బాలోని పూసలను ఒక తెల్లని పళ్ళెంలో పోసి, గాజువీ ప్లాస్టిక్‌వీ వేరుచేయండి. గాజు పూస చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ పూస తగలదు. తరువాత రంగుకు ఒకటి రెండు చొప్పున తీసుకుని తడి తెల్లగుడ్డలో రుద్ది చూడండి. గాజులోనే రంగు కలిసి ఉంటే గుడ్డకు ఏమీ అంటదు. పైపూత రంగైతే గులాబీ మరకో నీలం మరకో కనిపిస్తుంది. అటువంటివి పట్టుకు తగలకుండా పక్కన పెట్టండి.

పూసల సైజు చెప్పే అంకెలు కొత్తవారిని తికమక పెడతాయి. అంకె పెరిగే కొద్దీ పూస చిన్నదవుతుంది. పదకొండో నంబరు పూస సుమారు 2 మిల్లీమీటర్లు, ఎనిమిదో నంబరుది 3 మిల్లీమీటర్లు. గుండుసూదికి ఎక్కించడానికి ఎనిమిదో నంబరు బాగుంటుంది, ఎందుకంటే సూది సులువుగా దూరుతుంది, తల దగ్గర ఆగుతుంది. పదకొండో నంబరు పూసలను దారానికి గుచ్చి దండలుగా వాడుకోండి. బరువు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను: ఎనిమిదో నంబరు గాజు పూసలు గ్రాముకు నలభై దాకా, పదకొండో నంబరువి నూరుకు పైగా తూగుతాయి. ఒక బంతికి వంద పెద్ద పూసలు గుచ్చినా రెండున్నర గ్రాములే. సరుగుడు రెమ్మ వంగేది పూసల వల్ల కాదు, లోపలి బంతి బరువు వల్లనే.

గొట్టపు పూసలు ఉంటే జాగ్రత్త. వాటి చివరలు పదునుగా ఉండి మామూలు కుట్టు దారాన్ని కోసేస్తాయి. గొట్టపు పూసకు రెండు పక్కలా ఒక్కొక్క గుండ్రటి చిన్న పూస వేసి, నైలాన్ దారానికి తేనెమైనం రాసి గుచ్చితే ఏళ్ళ తరబడి తెగదు.

ఈ సందర్భంలో మా ప్రాంతపు సంగతి ఒకటి చెప్పాలని మనసు లాగుతున్నది. రేణిగుంటకు దగ్గరలోని పాపానాయుడుపేటలో గాజు పూసలు చేసే విద్య ఉన్నది. కొలిమిలో కరిగిన గాజు ముద్దను సన్నని బోలు గొట్టంగా లాగి, ఆ గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా కొట్టి, మళ్ళీ వేడి చేసి ముక్కల అంచులు గుండ్రం చేస్తారు. ప్రాచీన కాలంలో దక్షిణ భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా ప్రయాణించిన చిన్న గాజు పూసలు ఇలా గొట్టం లాగి చేసినవే. అందుకే పరిశోధకులు ఆ పేట పద్ధతిని ఎంతో శ్రద్ధగా నమోదు చేశారు. మీ అమ్మగారి డబ్బాలో ఇటుక ఎరుపు, పసుపు, ముదురు ఆకుపచ్చ రంగుల్లో, ఒకదానికొకటి కొంచెం ఎగుడుదిగుడుగా ఉండే పూసలు దొరికితే వాటిని పారేయవద్దు. అన్నీ ఒకే కొలతలో ఉండే యంత్రపు పూసల కంటే వాటికి జరీ పక్కన ఎక్కువ అందం వస్తుంది.

మంచు ఊరు | మినియాపోలిస్ | నవంబర్ 9

ఇక్కడి చెట్లు ఫర్ జాతివి కాబట్టి కొమ్మలు బలంగా ఉంటాయి, బరువు సమస్య మాకు లేదు. కానీ బంతి లేకుండానే పూసలతో చేసే అలంకారం ఒకటి మీ సరుగుడు కొమ్మకు బాగా నప్పుతుందని చెప్పాలనిపించింది. అర మిల్లీమీటరు మందం ఉన్న ఇత్తడి తీగను మూడు సమానమైన ముక్కలుగా కత్తిరించి, మధ్యలో ఒకదానికొకటి మెలిపెడితే ఆరు చేతులు వస్తాయి. ఒక్కొక్క చేతికి పూసలు ఎక్కించి చివర తీగను గుండ్రంగా వంచి మూసివేస్తే నక్షత్రం తయారవుతుంది. చెక్ దేశంలోని పోనిక్లా అనే ఊరిలో ఊదిన గాజు పూసలకు వెండి పూత పూసి, రంగులద్ది, తీగలకు గుచ్చి ఇలాగే చెట్టు అలంకారాలు చేస్తారు. ఆ చేతిపనిని 2020లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి పూసలు లోపల బోలుగా ఉంటాయి కాబట్టి చాలా తేలిక. మన గట్టి పూసలతో చేస్తే చేయి పొడవు రెండు అంగుళాలు దాటకుండా చూసుకోండి.

గోదావరి అల్లిక | నరసాపురం దగ్గర | నవంబర్ 10

తంగేడు గారికి, మిగిలిన అందరికీ నమస్కారం. మా వైపు దానిని సర్వి చెట్టు అంటాం. మా ఇంట్లో కూడా క్రిస్మస్ చెట్టు అదే. అందుకని మీ బాధ నాకు బాగా అర్థమైంది.

మా పరిష్కారం లేసు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు నేర్పిన కొక్కెపు సూది అల్లిక ఇప్పటికీ వేల ఇళ్ళలో సాగుతున్నది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మ, అమ్మ, నేను అందరం అల్లినవాళ్ళమే. అరచేయంత నక్షత్రాన్ని నూలు దారంతో అల్లి, మొనల దగ్గర ఒక్కొక్క ముత్యం కుడితే మూడు నాలుగు గ్రాములకు మించదు. ఎంత సన్నని రెమ్మైనా దానిని మోస్తుంది.

అయితే అల్లిన లేసు దానంతట అది నిటారుగా నిలవదు కాబట్టి బిగుసుకునేలా చేయాలి. విదేశీ పుస్తకాలలో చక్కెర పాకంలో ముంచమని రాస్తారు. మన దగ్గర ఆ పని చేస్తే తెల్లవారేసరికి చీమల బారు కడుతుంది. గంజి పెడితే చలికాలమంతా బాగానే ఉంటుంది గాని, దాచిపెట్టిన పెట్టెలో వెండిపురుగులు చేరి దారాన్ని కొరుకుతాయి. వానాకాలపు చెమ్మకు మెత్తబడుతుంది కూడా. నేను ఒక వంతు తెల్ల బంకకు రెండు వంతుల నీళ్ళు కలిపి, అందులో లేసు ముంచి, పిండేసి, ప్లాస్టిక్ కాగితం పరిచిన అట్ట మీద పెట్టి మొనమొనకూ గుండుసూది గుచ్చి లాగి ఆరబెడతాను. తుప్పు పట్టని సూదులే వాడండి. నేను ఒకసారి పాత ఇనుప సూదులు వాడితే తెల్లని నక్షత్రాలు పన్నెండింటికీ ప్రతి మొన దగ్గరా గోధుమరంగు చుక్క మిగిలింది. అది ఎంత ఉతికినా పోలేదు. చెమ్మ గాలి ఉండే మీ తెనాలి, బాపట్ల వైపు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

ఇంకొక విన్నపం. లేసు బజారులో కొనేవారు ధర గురించి బేరమాడేటప్పుడు, అరచేయంత నక్షత్రం ఒక్కటి అల్లడానికి అలవాటైన చేతికి కూడా గంటకు పైనే పడుతుందని గుర్తుంచుకోవాలని నా కోరిక. మధ్యవర్తులు దాటి ఆ ఇల్లాలి చేతికి వచ్చేది చాలా కొంచెం. వీలైతే అల్లే స్త్రీల సంఘాల దగ్గరే నేరుగా కొనండి.

సంక్రాంతి ముగ్గు | రాజమహేంద్రవరం | నవంబర్ 10

మేము క్రిస్మస్ చేసుకోము గాని, ప్రతి సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. దాని మీద తోరణంగా వేలాడదీయడానికి నేను ఇవే బంతులు చేస్తాను. నా అభ్యంతరం థర్మాకోల్ మీద. అది మట్టిలో కలవదు, పిల్లలు గిల్లితే పొడి ఇల్లంతా ఎగురుతుంది. నేను పాత వార్తాపత్రికను నలిపి ఉండ చేసి, దాని చుట్టూ మిగిలిపోయిన ఉన్ని దారం గట్టిగా చుడతాను. సూదులు అందులో దిగి కదలకుండా నిలుస్తాయి. ఏటికొప్పాక లక్క చెక్క పూసలు ఉంటే ఒకదానిని బంతికి, అడుగున వేలాడే కుచ్చుకు మధ్య ఎక్కించండి. బంతి, కుచ్చు ఒకే అలంకారంలా కలిసిపోతాయి.

సూదీ దారం | నవంబర్ 10

ముగ్గు గారి మాట న్యాయమైనదే. దానిని కాదనను. కానీ కాగితం, ఉన్ని కలిసిన మూడంగుళాల ఉండ థర్మాకోల్ బంతికి ఎన్నో రెట్లు బరువుంటుంది. తోరణానికి సరిపోతుంది గాని సరుగుడు రెమ్మకు కష్టం. మధ్యే మార్గంగా రెండంగుళాల ఉండ చేయవచ్చు. అప్పుడు ఆకు పొడవు 8 సెంటీమీటర్లు అవుతుంది కనుక, తంగేడు గారి అంచులో నడిమి భాగం మాత్రమే వాడుకోవలసి వస్తుంది. ఆ నష్టం వారికి ఇష్టమో కాదో వారే నిర్ణయించుకోవాలి.

కుచ్చుల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి కలుపుతాను. చీరకొంగులకు కుచ్చులు వేసే పని మన ఊళ్ళలో ఎంతోమంది స్త్రీలకు వచ్చు. అదే పట్టుదారంతో, అదే ముడితో, మెడ దగ్గర పూసల చుట్టు వేసి రెండంగుళాల కుచ్చు చేసి బంతి అడుగున గుచ్చితే, ఆకుల కొనలు కలిసే చోటు కనబడకుండా కప్పేస్తుంది. ఆ చోటును శుభ్రంగా ముగించడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. పైకొనలో వేలాడదీసే దారాన్ని సూదితో గుచ్చి వదిలేయవద్దు. బంతిని దబ్బనంతో పైనుంచి కిందికి పొడిచి, దారాన్ని ఆ రంధ్రం గుండా దించి, అడుగున ఒక పూసకు కట్టండి. లేకపోతే బంతి బరువంతా ఒక గుండుసూది మీదనే పడి ఏదో ఒకనాడు ఊడి పడుతుంది.

తెనాలి తంగేడు | నవంబర్ 23

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు మన్నించండి. మీ మాటలన్నీ కాగితం మీద రాసుకుని, పని చేసి చూపించాకే రావాలనుకున్నాను.

మొదట ఒక పాత పాలిస్టర్ చీర అంచుతో రెండు బంతులు చేసి చేయి అలవాటు చేసుకున్నాను. వాటిలో మొదటిదానికి ఆకులను నడుము దగ్గర మరీ వెడల్పుగా కోశాను, రెండోది సరిగ్గా కుదిరింది. ఆ తరువాతనే అమ్మ చీర విప్పాను. మల్ గుడ్డ కుట్టి, అట్టతో కోసుకున్న మామిడాకు అచ్చు పెట్టి, సుద్దతో గీసి కత్తిరించాను. మొదటి కోత కోసేటప్పుడు చేయి వణికింది, పక్కన మా చెల్లెలు కూర్చుని ఉండబట్టి ధైర్యం చేశాను.

ఎనిమిది ఆకులూ కొనల దగ్గర, నడుము దగ్గర గుచ్చి, కలిసే గీతల మీద సన్నని జరీ లేసు వేశాను. ఒక బంతికి మీటరు లేసు పట్టింది. ఆ లేసు మీద సెంటీమీటరుకు ఒకటి చొప్పున సూదికి పూస, పూస కింద చెమ్కీ ఎక్కించి గుచ్చితే, బంతికి తొంభై ఆరు సూదులు అయ్యాయి. మా వీధిలో కుచ్చులు వేసే అక్క తొమ్మిది కుచ్చులు చేసి ఇచ్చింది. బంగారం తూచే చిన్న త్రాసులో తూచి చూశాను, కుచ్చుతో కలిపి ఒక బంతి 19 గ్రాములు ఉంది. మా తమ్ముడు ముందుగా ఒక కొమ్మ తెచ్చి ఇస్తే కట్టి చూశాను. రెమ్మ చివర కడితే కొద్దిగా వాలుతున్నది, కాండానికి జానెడు దూరంలో కడితే కదలకుండా నిలిచింది.

ముగ్గు గారూ, ఈ సంవత్సరానికి థర్మాకోల్ బంతులే వాడాను, ఎందుకంటే అప్పటికే కొన్నాను. అయితే ఇవి ఏటా పారేసేవి కావు, మా పిల్లల కాలం దాకా ఉండాలని చేసినవి. గోదావరి అల్లిక గారూ, రెమ్మల కొసలకు లేసు నక్షత్రాలే సరైనవి. మీరు చెప్పినట్లు సంఘం దగ్గర కొనాలంటే ఎవరిని అడగాలో తెలిసినవారు దారి చూపండి.

పూసల పెట్టె గారూ, డబ్బా అడుగున ఇటుక ఎరుపు పూసలు గుప్పెడు దొరికాయి. ఒక్కటి కూడా రెండో దానిలా లేదు, తడిగుడ్డకు రంగు అంటలేదు. వాటిని ముగ్గురికీ సమానంగా పంచి, తలా ఒక బంతి నడుము చుట్టూ గుచ్చాను.

గోదావరి అల్లిక | నవంబర్ 23

చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయమ్మా. నక్షత్రాలు కొననవసరం లేదు, మీకు అల్లిక నేర్చుకునే ఓపిక ఉంటే మీ ఊరిలో దొరికే సన్నని నూలు లేసు దారం ఒక ఉండ కొని ఉంచండి. వచ్చే ఆదివారం నుంచి ఇక్కడే ఒక్కొక్క వరుసా రాసి నేర్పుతాను. డిసెంబరు రెండో వారానికి మీ చేతితోనే ఆరు నక్షత్రాలు పూర్తవుతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం ఇప్పుడే చెబుతాను. పండుగ అయ్యాక బంతులు దాచేటప్పుడు నాఫ్తలీన్ ఉండలు వేయవద్దు. జరీ నల్లబడుతుందని పట్టుచీరలు దాచే మా పెద్దలు వాటిని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఉతికిన మల్ గుడ్డలో ఒక్కొక్క బంతినీ చుట్టి, అరలు చేసిన అట్టపెట్టెలో కుచ్చులు నలగకుండా వరుసగా పెట్టండి. చిన్నపిల్లల చేతికి మాత్రం అందనివ్వవద్దు, లోపల ఉన్నవి తొంభై ఆరు సూదులు.

తెనాలి తంగేడు | నవంబర్ 24

దారం ఉండ ఈ ఉదయమే కొన్నాను. ఆదివారం కోసం మా చెల్లెళ్ళిద్దరూ కూడా ఎదురుచూస్తున్నారు.